బోటిలో నాలుగో గది ఏమైపోయింది?

విభాగం: వంటిల్లు › మాంసాహారం

పెన్నాగట్టు (నెల్లూరు) | ఆదివారం, మధ్యాహ్నం 3:40

అందరికీ నమస్కారం. ఈ పొద్దు మా ఇంట్లో చిన్న పంచాయితీ నడిచింది. తీర్పు మీరే చెప్పాలి.

మా అత్త కనిగిరి నుంచి వచ్చింది. ఆమెకు మాంసం కన్నా బోటి (పొట్ట, పేగులు) ఇష్టం. అందుకని ఆరింటికే కొట్టు ముందు నిలబడి, ఒక పొట్టేలు బోటి మొత్తం కావాలని చెప్పి తెచ్చా. కడగడానికే రెండు గంటలు పట్టింది. ఉడికాక చూస్తే కూరలో మూడు రకాల ముక్కలు తేలాయి. కొన్ని మెత్తగా వెన్నలాగా ఉన్నాయి. కొన్ని గొట్టాల్లాగా, నోట్లో వేసుకుంటే జారిపోయేటట్టు ఉన్నాయి. కొన్ని మాత్రం సైకిల్ ట్యూబే. నమిలి నమిలి దవడలు లాగాయి.

ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి కంచం ముందు కూర్చుని, "నెమరు వేసే జంతువులకు కడుపులో నాలుగు గదులుంటాయి నాన్నా, మరి మూడు రకాలే ఉన్నాయేంది?" అంది. మా ఆవిడ వెంటనే "కొట్టువాడు ఒకటి నొక్కేశాడు" అని తేల్చేసింది. అత్తేమో "నలభై ఏళ్ల నుంచి వండుతున్నా, ఉండేదే మూడు. బళ్లో ఏందేందో చెప్తారు" అంటోంది. నేను ఇద్దరి మధ్యా కూర్చుని ట్యూబు నములుతున్నా.

నాలుగోది ఏమైంది? ఆ ట్యూబు ముక్క ఏ గదిది?

---

కారందోశ (నెల్లూరు) | 3:52

అన్నా, నాలుగో గదిని అద్దెకిచ్చుంటారు. మన ఊర్లో ఖాళీ గది ఎక్కడ మిగులుద్ది?

---

ఉదయగిరి_అక్క | 4:20

తమ్ముడూ, ముందు ట్యూబు సంగతి చెప్తా, నాలుగోదాని సంగతి చదువుకున్నోళ్లు చెప్తారు. ఎన్ని విజిల్స్ పెట్టావు? మాంసానికి పెట్టినట్టే నాలుగు పెట్టి దించేసుంటావు. బోటికి అట్టా కుదరదు. ముదురు పొట్టేలైతే ఎనిమిది, తొమ్మిది కూడా పెట్టాలి. అప్పుడు కూడా మూత తీసి, పెద్ద సంచీ ముక్కల్లో మందంగా ఉండేదాన్ని గోటితో గిచ్చి చూడాలి. గోరు దిగితేనే మసాలా వేసుకునేది.

ఇంకోటి, ముక్కలన్నీ ఒకే సైజులో కోసి ఒకేసారి వేస్తే ఇట్టాగే అవుద్ది. మా ఇంట్లో పేర్లే వేరు. పెద్ద సంచీని తువ్వాలు అంటాం, గళ్లు గళ్లుగా ఉండేదాన్ని తేనెపట్టు అంటాం. తువ్వాలు చిన్నగా కోయాలి, తేనెపట్టు కాస్త పెద్దగా. పేగులు చివర్లో.

సున్నం వేసి కడిగారా లేదా?

---

పెన్నాగట్టు | 4:31

సున్నం వెయ్యలేదక్కా. వేడినీళ్లలో వేసి కత్తితో గీకాం. సగం నలుపు పోయింది, సగం పోలేదు. విజిల్స్ అయిదు.

---

గొడ్లడాక్టరు (ఒంగోలు) | 6:05

రిటైరైన పశువైద్యుణ్ణి. జీవితమంతా ఈ నాలుగు గదుల చుట్టూనే తిరిగాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తా, విసుక్కోవద్దు.

పాప చెప్పింది నిజమే. ఆవు, గేదె, గొర్రె, మేక, జింక, వీటన్నిటికీ నాలుగు గదులు. (ఒంటె కూడా నెమరేస్తుంది, దానికి మాత్రం మూడే అంటారు.)

మొదటిది రూమెన్. మీరు పెద్ద సంచీ అన్నది ఇదే. పెద్ద ఆవులో 100 లీటర్లకు పైగా పడుతుంది. గొర్రెలో పది, పదిహేను లీటర్లు. పొట్ట ఎడమ వైపంతా ఇదే ఆక్రమించి ఉంటుంది. పశువు డొక్కలో ఎడమ పక్క పిడికిలి ఆనించి నిలబడితే, నిమిషానికి ఒకటి రెండు సార్లు లోపల అల వచ్చి చేతిని తోసినట్టు తెలుస్తుంది. ఏ గొడ్డును చూడబోయినా నేను ముందు చేసే పని అదే. ఆ అల ఆగిపోయిందంటే పశువుకు బాగాలేదు.

ఈ గది గోడ మన కడుపులాగా ఆమ్లం ఊరించదు. కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. గడ్డిలో, చొప్పలో ఉండే సెల్యులోజును మనం అరిగించుకోలేము, నిజానికి గొర్రె కూడా అరిగించుకోలేదు. ఆ పని చేసేది ఈ సూక్ష్మజీవులే. అవి పులియబెట్టి వదిలే ఆమ్లాలను రూమెన్ గోడ పీల్చుకుంటుంది. పీల్చుకోవడానికి ఎక్కువ జాగా కావాలి గనుకే గోడంతా నూలుపోగుల్లాగా లేచి ఉంటుంది. ఉదయగిరి అక్కయ్య గారి ఇంట్లో తువ్వాలు అన్నారు చూడండి, అది ఈ పోగుల వల్లే.

రెండోది రెటిక్యులమ్, అంటే తేనెపట్టు. రూమెన్‌కు ముందు, గుండెకు దగ్గరగా అతుక్కుని ఉంటుంది. మేత నమలకుండా మింగేశాక, తీరిగ్గా పడుకున్నప్పుడు ముద్దను పైకి తోసి నోటికి అందించడంలో దీని పాత్ర పెద్దది.

మూడోది ఒమేసమ్. లోపల పుస్తకంలో కాగితాల్లాగా పొరలు ఉంటాయి. మేతలోని నీళ్లను పిండేది ఇది. ఆవులో ఇది పెద్దదే, గొర్రె మేకల్లో మాత్రం నాలుగింటిలో చిన్నది.

నాలుగోది అబోమేసమ్. ఇదే అసలైన కడుపు. మన కడుపులాగే ఆమ్లం, పెప్సిన్ ఊరేది ఇక్కడ. లోపల నునుపుగా, జిగురుగా, మెలితిరిగిన మడతలతో ఉంటుంది.

ఇప్పుడు మీ కూర దగ్గరికి వద్దాం. మెత్తగా ఉన్నది తేనెపట్టు అనుకుంటా. ట్యూబు రూమెన్. గొట్టాల్లా ఉండి జారిపోయినవి పేగులు, అవి కడుపే కాదు. అంటే మీకు పోయింది ఒక గది కాదు, రెండు.

---

కారందోశ | 6:11

అన్నా, కేసు పెద్దదైంది. రెండు గదులు మాయం.

---

పప్పన్నం (ఒంగోలు) | 6:40

శాకాహారిని, దారి తప్పి ఈ విభాగంలోకి వచ్చా. అయినా ఆపలేక చదివేశా. డాక్టరు గారూ, ఆ నాలుగో గదిలోంచే చీజ్‌కు ఏదో తీస్తారని మా అబ్బాయి అంటున్నాడు. నిజమా? మేం పిజ్జా తింటున్నాం మరి!

---

గొడ్లడాక్టరు | 7:02

నిజమే, కంగారు పడొద్దు. పాలు తాగే దూడ అబోమేసమ్‌లో కైమోసిన్ అనే ఎంజైము ఉంటుంది, అది పాలను విరిచి గట్టి చేస్తుంది. ఆ గదిని ఎండబెట్టి, నానబెట్టి తీసిన సరుకే రెన్నెట్. యూరప్‌లో చీజ్ తయారీకి వందల ఏళ్లు వాడారు, ఇప్పటికీ కొన్ని రకాలకు వాడుతున్నారు. కానీ సూక్ష్మజీవుల నుంచి అదే కైమోసిన్ తయారు చేయడం వచ్చేసింది, 1990లో అమెరికా దానికి అనుమతి ఇచ్చింది. మన దేశంలో అమ్మే డబ్బా మీద ఆకుపచ్చ చుక్క చూసుకుంటే సరిపోతుంది.

దూడల సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చెప్తా. పుట్టినప్పుడు దూడకు నాలుగో గదే పెద్దది, రూమెన్ ముడుచుకుపోయిన తిత్తిలా ఉంటుంది. పొదుగు చీకేటప్పుడు గొంతు కింద ఒక గాడి మూసుకుని గొట్టంలా మారుతుంది. పాలు రూమెన్‌లో పడకుండా నేరుగా నాలుగో గదికి జారిపోతాయి. గడ్డి కొరకడం మొదలయ్యాకే రూమెన్ ఎదుగుతుంది. పాలు తాగే గొర్రెపిల్ల బోటిలో తువ్వాలు నాజూగ్గా ఉండేది అందుకే.

---

పప్పన్నం | 7:15

మరి మన జున్నులో కూడా..?

---

ఉదయగిరి_అక్క | 7:18

అయ్యో, జున్నుకు ఏం కలుపుతామమ్మా! ముర్రుపాలు, బెల్లం, మిరియాల పొడి, అంతే. ఆవిరి మీద పెడితే తనే గడ్డ కట్టుద్ది.

---

గొడ్లడాక్టరు | 7:25

అక్కయ్య గారు కరెక్ట్. ముర్రుపాలలో ప్రొటీన్లు మామూలు పాలకన్నా చాలా ఎక్కువ, వేడికే గడ్డ కడతాయి. చీజ్‌ను తెలుగు పుస్తకాల్లో జున్ను అని రాసేసి మనల్ని గందరగోళంలో పడేశారు. రెండూ వేరు.

---

పల్లా_జొడిపి (కనిగిరి దగ్గర) | 8:30

మాది గొర్రెలు కాచే ఇల్లు. నాయన దగ్గర ఇప్పటికీ డెబ్బై దాకా ఉన్నాయి, నెల్లూరు గొర్రెలు. తెలియనోళ్లకు చెప్తున్నా, మన నెల్లూరు గొర్రెలో పల్లా అంటే తెలుపు, జొడిపి అంటే మొహం మీద నల్లమచ్చలు ఉండేది, డోరా అంటే గోధుమరంగు. ఎత్తులో మన దేశంలో దీన్ని మించింది లేదు.

డాక్టరు గారు రూమెన్‌లో సూక్ష్మజీవులు అంటుంటే నాకు మూడేళ్ల కిందటి సంగతి గుర్తొచ్చి కడుపు తరుక్కుపోయింది. ఒక కల్యాణమండపం వాళ్లు పెళ్లిలో మిగిలిన అన్నం అంతా వెనక చేలో కుప్ప పోశారు. మా అన్న మంద ఆ దారిన వచ్చింది. వాడు ఫోన్ మాట్లాడుతూ వెనక పడ్డాడు. గొర్రెలు అన్నం మీద పడ్డాయి. సాయంత్రానికి డొక్కలు ఉబ్బి, పళ్లు కొరుకుతూ, మత్తుగా పడుకున్నాయి. పొద్దుటికి పదకొండు పోయాయి. మిగిలినవి డాక్టరు వచ్చి సోడా తాగించి, సూదులు వేస్తే బతికాయి. అన్నం తింటే చావడమేంది అని ఊళ్లో జనం నమ్మలేదు, ఎవరో మందు పెట్టారన్నారు.

---

గొడ్లడాక్టరు | 8:52

బాబూ, ఎవరూ మందు పెట్టలేదు. గడ్డికి అలవాటుపడిన సూక్ష్మజీవులు ఉన్న చోట ఒక్కసారిగా అన్నమో, బియ్యమో, జొన్నలో పడితే వేరే జాతి బ్యాక్టీరియా విజృంభించి లాక్టిక్ ఆమ్లం ఊరిపోతుంది. రూమెన్ పుల్లబడి, లోపలి మంచి జీవులన్నీ చచ్చి, గోడ పొక్కుతుంది. పెళ్లిళ్ల సీజన్‌లో ఇట్లాంటి ఫోన్లు నాకు ఎన్నో వచ్చేవి. వంటసోడా నీళ్లు ఆ ఆమ్లాన్ని విరవడానికే, కానీ ఎంత తాగించాలన్నది బరువును బట్టి ఉంటుంది, డాక్టరుకు చూపించాల్సిందే. ఇది చదివే మండపాల వాళ్లుంటే మిగిలిన అన్నం బయట పొయ్యకండి.

---

కత్తిపీట (నెల్లూరు) | 10:10

మాది మాంసం కొట్టు. నేను ఉద్యోగం చేసుకుంటున్నా, కానీ ఆదివారం నాయనకు సాయం నిలబడతా. ఇందాకటి నుంచి కొట్టువాడు నొక్కేశాడు, నొక్కేశాడు అంటుంటే చూస్తూ ఊరుకోలేక రాస్తున్నా.

పొట్ట బయటికి తీశాక మేం చేసేది ఇది. పెద్ద సంచీని చీల్చి పేడ కుమ్మరిస్తాం. తేనెపట్టు దానికి అతుక్కునే వస్తుంది. నాలుగోది ఒకవైపు మూడోదానికి, ఇంకోవైపు పేగుకు ఆనుకుని ఉంటుంది. పని తొందరలో కత్తి మూడోదాని దగ్గర పడుతుంది, అందుకని నాలుగోది పేగుల చుట్టతోపాటు వెళ్లిపోతుంది. పేగుల మొదట్లో లావుగా, సొరకాయ మెడలాగా ఒక ముక్క ఉండుంటుంది, చూసుకోండి. మీ ఇంట్లో దాన్ని లావు పేగు అనుకుని కోసేసుంటారు.

మూడోది చిన్న ఉండ. నారింజ కాయంత ఉంటుంది. పట్టుకుంటే గట్టిగా, లోపల ఎండిన మేత కూరినట్టు ఉంటుంది. మేం కవర్లో వేసే ఇస్తాం. నూటికి తొంభై మంది ఇంటికి పోయాక అది పేడ ఉండ అనుకుని పారేస్తారు. కొందరు కొట్టు దగ్గరే "అది తీసెయ్యి" అంటారు. తీసేస్తే మేమే తింటాం, అది వేరే సంగతి.

పెన్నాగట్టు గారూ, మీ అత్తగారిని అడగండి. గట్టి ఉండ ఏం చేశారో.

---

పెన్నాగట్టు | 10:34

అడిగా.

పారేసిందంట. "లోపలంతా పేడే కదయ్యా, ఎవడు తింటాడు" అంది. ఇంకో మాట కూడా అంది, నలభై ఏళ్లుగా పారేస్తున్నానని.

కొట్టువాడికి మా ఆవిడ తరఫున క్షమాపణ.

---

కారందోశ | 10:36

నలభై ఏళ్లు. ఆదివారానికి ఒకటి. లెక్కేస్తే రెండువేల పుస్తకాలు. లైబ్రరీ కాల్చేశారు కదన్నా!

---

డాలస్_కావలి | సోమవారం, ఉదయం 7:20

మాది కావలి, ఇక్కడ డాలస్‌లో ఉంటున్నా. ఇక్కడి మెక్సికన్ కొట్లలో మూడు రకాలు విడివిడిగా పెట్టి అమ్ముతారు. గొర్రెది కాదు, ఆవుది. ఆ మూడో దాని మీద లిబ్రో అని రాసి ఉంటుంది. స్పానిష్‌లో లిబ్రో అంటే పుస్తకం! మన డాక్టరు గారు పుస్తకం అనగానే అదే గుర్తొచ్చింది. వియత్నాం వాళ్ల ఫో హోటల్‌కి వెళ్తే నూడుల్స్ సూపులో తెల్లగా, సన్నగా తరిగి వేస్తారు, వాళ్ల భాషలోనూ దాన్ని పుస్తకం అనే అంటారు. చైనా వాళ్ల డిమ్‌సమ్‌లో వందాకులు అనే పేరుతో అల్లం, ఉల్లికాడలు వేసి ఆవిరి మీద ఉడికించి ఇస్తారు. కరకరలాడుతుంది, మనలాగా మెత్తగా ఉడికించరు. మొదటిసారి తిన్నప్పుడు ఉడకలేదని తిరిగి పంపబోయా, పక్కనున్న స్నేహితుడు పరువు కాపాడాడు.

మెక్సికన్లు శని, ఆదివారాల్లో మెనూడో అని ఎర్రగా సూపు కాస్తారు, తువ్వాలూ తేనెపట్టూ ఉంటాయి. రాత్రి మందు కొట్టినోళ్లకు పొద్దున అది మందంట.

---

ఉదయగిరి_అక్క | 8:05

చైనా వాళ్లు పుస్తకం పేజీల మధ్య ఇసుక ఎట్టా కడుగుతారో అడిగి చెప్పు నాయనా.

---

డాలస్_కావలి | 8:09

అక్కా, నేను తినేవాణ్ణే.

మరిచిపోయా, మా ఆఫీసు పని మీద ఇటలీలో ఫ్లోరెన్స్ వెళ్లినప్పుడు బండి మీద లంప్రెదొత్తో అని బన్నులో పెట్టి ఇచ్చారు. అది ఈ పోట్లాడుకుంటున్న నాలుగో గదే! నూనె మెరుస్తూ మెత్తగా, పైన పచ్చటి చట్నీ. నెల్లూరులో కారం దోశకు నిలబడ్డట్టు జనం లైన్లో నిలబడి ఉన్నారు.

---

కత్తిపీట | 8:40

చూశారా, మనం పేగుల్లో కలిపేసేదాన్ని ఇటలీలో బన్నులో పెట్టి అమ్ముతున్నారు. ఇది మా నాయనకు చెప్పకూడదు, రేటు పెంచేస్తాడు.

---

బ్రెజిల్_ఎద్దు | 9:00

సంబంధం ఉందో లేదో గానీ, మన ఒంగోలు జాతి పశువులే బ్రెజిల్‌కు వెళ్లి అక్కడ నెల్లోర్ అనే పేరుతో దేశమంతా నిండిపోయాయి. అక్కడి మాంసపు పశువుల్లో ఎక్కువ భాగం ఆ రక్తమే. జాతి ఒంగోలుది, పేరు నెల్లూరుది. దీని మీద ఒంగోలు వాళ్లు ఏమంటారు?

---

నిర్వాహకుడు | 9:12

దయచేసి ఆ యుద్ధం ఇక్కడ వద్దు. దానికి వేరే చర్చ ఉంది, 340 వ్యాఖ్యలు దాటింది. ఇక్కడ బోటి మాత్రమే.

---

ఉదయగిరి_అక్క | 11:30

సరే, ఇప్పుడు పద్ధతి చెప్తా. పెన్నాగట్టూ, వచ్చే ఆదివారం ఇట్టా చెయ్యి.

నీళ్లు తెర్లనియ్యకు. చాలామంది చేసే తప్పు ఇదే. మరిగే నీళ్లలో వేస్తే ఆ నలుపు పట్టుకుపోయి ఇంక రాదు. నీళ్లు కాగి, గిన్నె అంచున చిన్న చిన్న బుడగలు లేచేటప్పుడు దించు. వేలు పెట్టి చటుక్కున తీసేంత వేడి. అందులో తాంబూలం సున్నం ఒక చెంచా కలుపు. తువ్వాలు ముక్కని ముంచి, వంద అంకెలు లెక్కపెట్టి, ఒక మూల గీకి చూడు. నలుపు తొక్కలాగా లేచి వస్తే సరి, లేకపోతే ఇంకాసేపు. వచ్చిందంటే ఆలస్యం చెయ్యకు, తీసి చల్లనీళ్లలో పడెయ్యి. పాత స్టీలు చెంచాతో గీకు, కత్తితో గీకితే చిరుగుద్ది. కింద తెల్లగా, పాలమీగడ రంగు వస్తుంది.

తర్వాత ఉప్పు, పసుపు, మజ్జిగ వేసి రుద్ది, నాలుగు నీళ్లు కడుగు. సున్నం వాసన రాకూడదు. ఆ చేతులతో కళ్లు తుడుచుకోవద్దు, సున్నం.

తేనెపట్టు గళ్లలో పాత టూత్‌బ్రష్షుతో రుద్దు. పేగులు తిరగేసి కడిగేది మీ అత్తకు తెలిసే ఉంటుంది.

---

పల్లా_జొడిపి | 12:15

అక్కా, సున్నం వద్దు. మా అమ్మ సున్నం ముట్టనీయదు. బోటికి ఉండే రుచే పోతుంది, జిగటగా అవుద్ది. వేడినీళ్లు, జొన్నపిండి. జొన్నపిండి వేసి రుద్దితే జిడ్డూ, వాసనా రెండూ పోతాయి.

---

ఉదయగిరి_అక్క | 12:22

సున్నం ఎక్కువ సేపు ఉంచితే జిగటగా అవుద్ది, నిజమే. వంద లెక్కపెట్టమంది అందుకే కదా. మీ అమ్మ గొర్రెలు కొండ మీద మేసేవి, నలుపు అంతగా పట్టదు. టౌన్‌లో వచ్చేవాటికి మందంగా పడుతుంది.

---

పల్లా_జొడిపి | 12:25

కొండ మేతకు నలుపు తక్కువ అనేది ఒప్పుకోను గానీ, జొన్నపిండి మాత్రం చేసి చూడండి.

---

కత్తిపీట | 1:05

రెండూ చేసేవాళ్లని చూశా. కొట్టులో మేం సున్నమే. బోటి ఎక్కువ ఉన్నప్పుడు జొన్నపిండితో కుదరదు.

ఒక చిట్కా: మూడోదాన్ని, అదే పుస్తకం, ముందు నిలువుగా ఒకే ఒక్క కోత కోసి తెరవాలి. ఉండగా ఉన్నప్పుడే ముక్కలు కోస్తే మేత అంతా పేజీల్లోకి ఇరుక్కుపోతుంది. తెరిచాక కుళాయి కింద పెట్టి ఒక్కో పేజీ ఎత్తి కడగాలి. తొందర పనికి రాదు.

---

ఏటూరు | 2:40

నాదొక భయం. పోయిన నెల బోటి కడుగుతుంటే తువ్వాలు పోగుల మధ్య దానిమ్మ గింజల్లాంటివి ఎర్రగా, గులాబీగా పట్టుకుని ఉన్నాయి. లాగితే సాగి వచ్చాయి. మా ఆవిడ చూసి మొత్తం చెత్తకుండీలో వేసేసింది. అవి ఏంది? గొర్రెకు జబ్బా?

---

గొడ్లడాక్టరు | 3:10

అవి పొట్ట జలగలు. చెరువు గట్ల మీద, కాలవల పక్కన మేసే మందలకు సాధారణం. నీటి నత్తల్లో కొంతకాలం పెరిగి, గడ్డి మీద చేరి, గొర్రె నోట్లోకి వెళ్తాయి. పెద్దయ్యాక రూమెన్ గోడను పట్టుకుని కూర్చుంటాయి. వేడినీళ్లలో ముంచి గీకితే ఊడిపోతాయి, శుభ్రంగా కడిగి బాగా ఉడికించి తింటే మనిషికి ఇబ్బంది లేదు. చూసి అసహ్యం వేస్తే పారేయడం మీ ఇష్టం. పల్లా జొడిపి లాంటి కాపరులు నట్టల మందు వేళకు తాగించేది ఇట్లాంటి వాటి కోసమే.

లివర్‌లో ఉండే జలగలు వేరు, వాటి వల్ల పశువుకు నష్టం ఎక్కువ.

---

పప్పన్నం | 3:30

దానిమ్మ పండు తింటూ చదువుతున్నా. థాంక్స్ అండీ.

---

పొగాకు_బ్యారన్ (టంగుటూరు) | 5:45

డాక్టరు గారూ, తేనెపట్టు గుండె పక్కన అన్నారు కదా. మా చిన్నప్పుడు మా ఇంటి ఎద్దు ఒకటి దిగులు దిగులుగా ఉండి, మోచేతులు దూరంగా పెట్టి నిలబడేది, పల్లానికి నడవమంటే మొరాయించేది. తర్వాత చచ్చిపోయింది. కోసి చూస్తే తీగ ముక్క గుండెలో గుచ్చుకుని ఉందని చెప్పారు. నేను ఎవరో కథ చెప్పారనుకున్నా ఇన్నాళ్లూ.

---

గొడ్లడాక్టరు | 6:20

కథ కాదు, లక్షణాలు మీరు పాఠం చెప్పినట్టు చెప్పారు. పశువు నాలుకతో చుట్టి మేత లాక్కుంటుంది, ఏరుకోదు. మీ వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర కట్టు తీగలు ముక్కలు పడి గడ్డివాములో కలుస్తాయి. మేకులూ తీగలూ బరువు కాబట్టి తేనెపట్టు గళ్లలో చేరి నిలుస్తాయి. ఆ గది ముడుచుకున్నప్పుడల్లా మొన ముందుకు పోతుంది. ముందు విభాజక పటలం (పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే కండ తెర), దాని అవతలే గుండె. పల్లానికి దిగితే పొట్ట బరువంతా ముందుకు వచ్చి నొప్పి పెరుగుతుంది, అందుకే మొరాయించింది.

ముందే పట్టుకుంటే అయస్కాంతం మింగిస్తాం. వేలు పొడుగు ఉంటుంది. అది తేనెపట్టులో కూర్చుని ఇనుపముక్కల్ని పట్టుకుని ఉంటుంది, పశువు ఉన్నంతకాలం అక్కడే. గొర్రె, మేక పెదాలతో ఏరుకుని తింటాయి కాబట్టి వాటికి ఈ జబ్బు అరుదు. మీరు తినే బోటిలో మేకులు దొరకవు, ధైర్యంగా ఉండండి.

---

పెన్నాగట్టు | 6:45

డాక్టరు గారూ, ట్యూబు ముక్కకు జవాబు ఇంకా మిగిలే ఉంది. రూమెన్ అన్నారు, కానీ రూమెన్‌లోనే కొన్ని ముక్కలు బాగా ఉడికాయి, కొన్ని ఉడకలేదు.

---

గొడ్లడాక్టరు | 7:05

మంచి ప్రశ్న. రూమెన్ లోపల గోడకు అడ్డంగా కండ దూలాలు ఉంటాయి. లోపల ఉన్నదాన్ని కలియబెట్టేది అవే, ఇంటికి దూలాల్లాగా. చీల్చి పరిస్తే మందంగా, నునుపుగా, పోగులు లేకుండా కనపడే పట్టీలు అవే. మిగతా గోడకు రెండింతల మందం ఉంటుంది. నిమిషానికి ఒకటి రెండుసార్లు చొప్పున బతికినంతకాలం పని చేసిన కండ అది, అయిదు విజిల్స్‌కు లొంగదు.

---

ఉదయగిరి_అక్క | 7:12

ఆ పట్టీ ముక్కలు విడిగా ముందు నాలుగు విజిల్స్ పెట్టి, తర్వాత మిగతావి కలుపు. లేదా పలుచగా అడ్డంగా కోసెయ్యి. ఉడికిన నీళ్లు పారబొయ్యకు, రుచంతా అందులోనే.

కూర సంగతి: ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి, కారం, ధనియాలు. ఎండుకొబ్బరి, గసగసాలు, చెక్క, రెండు లవంగాలు నూరి ఆఖర్న. మా అమ్మ శనగపప్పు గుప్పెడు నానబెట్టి వేసేది. ఎండాకాలం మొదట్లో అయితే చింతచిగురు. చింతచిగురు బోటికి పక్కన రాగిసంగటి ఉంటే చాలు, వేరే పండగ అక్కర్లేదు. గోంగూర కూడా బాగుంటుంది, కానీ పులుపు ముక్క ఉడికాకే వెయ్యాలి.

---

కావలి_బీచ్ | 7:50

యూరిక్ యాసిడ్ ఉన్నోళ్లు తినొచ్చా? మా నాన్నకు బొటనవేలు వాచింది మొన్న.

---

గొడ్లడాక్టరు | 8:01

నేను పశువుల డాక్టర్ని, మనుషులకు రాయను. కానీ గౌట్ ఉన్నవాళ్లను లివర్, మూత్రపిండాలు, బోటి లాంటివి తగ్గించమనే చెప్తారు. కొలెస్ట్రాల్ కూడా తక్కువేం కాదు. మీ డాక్టరును అడగండి.

---

పెన్నాగట్టు | తర్వాతి ఆదివారం, సాయంత్రం 5:15

అందరికీ రిపోర్టు.

ఈసారి కొట్టులో నిలబడి "పుస్తకం, నాలుగోది రెండూ విడిగా కట్టివ్వు" అన్నా. కొట్టాయన నన్ను కాసేపు ఎగాదిగా చూశాడు. "ఇన్నాళ్లకు అడిగినోడివి నువ్వే" అని, నాలుగోదాన్ని పేగుల్లోంచి కోసి వేరే కవర్లో వేశాడు. సొరకాయ మెడ అన్నది అక్షరాలా నిజం. తిరగేస్తే లోపల మడతలు మెలితిరిగి, జారుడుగా ఉన్నాయి. అత్తకు చూపిస్తే "దీన్ని లావు పేగు అంటారు, దీనికి మళ్లీ ఇంగ్లీషు పేరెందుకు" అంది.

సున్నం వేశాం. వంద దాకా లెక్కపెట్టింది మా అమ్మాయి. ఎనభై దగ్గరే నలుపు పొరలాగా ఊడి వచ్చింది, అత్త నోరు తెరిచింది. (జొడిపి తమ్ముడూ, పేగులకు జొన్నపిండి వాడా. అదీ బాగుంది. ఎవరికీ అన్యాయం చెయ్యలేదు.)

తువ్వాల్లో పట్టీలు కనపడ్డాయి. వాటిని విడిగా పెట్టి తొమ్మిది విజిల్స్ ఇచ్చాం. గోరు దిగింది.

ఇక పుస్తకం. కత్తిపీట చెప్పినట్టు ఒకే కోత. లోపల పచ్చగా, పొడిగా మేత కూరి ఉంది, నీళ్లన్నీ పిండేసినట్టే. అమ్మాయి కుళాయి కింద కూర్చుని ఒక్కో పేజీ ఎత్తుతూ లెక్కపెట్టింది. ముప్పై ఆరు దాకా వచ్చి, "నాన్నా, పెద్ద పేజీ తర్వాత చిన్నది, మధ్యలో ఇంకా చిన్నవి ఉన్నాయి, అవి కూడా లెక్కనా?" అని ఆగిపోయింది. డాక్టరు గారూ, అవి కూడా లెక్కేనా?

---

గొడ్లడాక్టరు | 5:40

అవీ లెక్కే. పెద్దవి, మధ్యరకం, చిన్నవి ఒక వరసలో ఉంటాయి. కాలేజీలో మాకూ ఇదే పరీక్ష పెట్టారు, నాకూ మధ్యలో లెక్క తప్పింది.

---

కత్తిపీట | 5:52

అత్తగారు పుస్తకం తిన్నారా లేదా అది చెప్పండి ముందు.

---

పెన్నాగట్టు | 6:03

కంచం పక్కన పెట్టింది. అమ్మాయి తినేసరికి ఒక ముక్క తీసుకుంది. తర్వాత ఇంకోటి. ఇప్పుడు కనిగిరికి ఫోన్ చేసి వాళ్ల చెల్లెలికి చెప్తోంది, నీళ్లు తెర్లనియ్యొద్దు అని.